లేని ఊరికి ఎడమ దారి

డేగలు రెండోసారి దిగేసరికి ఉప్పు బస్తాలు మోసే ఆరు పెరికె ఎద్దుల్లో నాలుగే మిగిలాయి.

కొండడేగలంటే మన ఇళ్ళ మీద కోడిపిల్లల కోసం తిరిగేవి కావు. ఒక్కో రెక్క పడవ తెరచాపంత ఉంటుంది. జేగురుకోనను ఏలుతున్న మహామాంత్రికుడు ఘోరజిహ్వుడు పెంచుకున్న పక్షులవి. కోటదారిలో కత్తి మెరిస్తే చాలు, అది ఎవరి చేతిలో ఉన్నా వాటికి పండగే. ఆ సంగతి ఉప్పు తోలుకునే గవరయ్య, కాంచనవల్లి యువరాజు మణికేతుడికి ముందే చెప్పాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెప్పి ఏం లాభం? మొదటి డేగ నీడ మీద పడగానే యువరాజుగారి చెయ్యి బస్తాల మధ్యకు పోయింది, కత్తి బయటికొచ్చింది, రెండు ఎద్దులు బస్తాలతో సహా ఆకాశానికి లేచిపోయాయి.

"పారెయ్యండి బాబూ దాన్ని" అన్నాడు గవరయ్య.

"క్షత్రియుడు ఆయుధం విడవడు."

"అయితే ఆయుధంతోపాటు మిమ్మల్నీ ఎత్తుకుపోద్ది."

మూడో డేగ గోళ్ళు చాచి దిగుతోంది. గవరయ్య ఇక మర్యాద చూడలేదు. ములుగర్ర తిరగేసి యువరాజు మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. కత్తి ఎగిరి దారి పక్కనున్న వాగులో పడింది. కర్ర వదిలేసి, పక్కనున్న బస్తా మూతి చించి, గుప్పెడు ఉప్పు తీసి పక్షి ముఖాన కొట్టాడు. కళ్ళల్లో ఉప్పు పడ్డ డేగ గాలిలోనే మెలికలు తిరిగింది, కొండచరియకు కొట్టుకుంది, వాగులో కూలింది. ఆ ఎర్రనీళ్ళ అడుగున పొడుగాటివేవో కదిలాయి. డేగ మళ్ళీ పైకి తేలలేదు.

మిగిలిన నాలుగు ఎద్దులనూ తోలుకుంటూ ఇద్దరూ ఒక పెద్ద బండ చాటుకు చేరారు. అక్కణ్ణుంచి కోట ద్వారం కనిపిస్తోంది.

చూసి తీరవలసిన ద్వారమే, ఆ మాట ఒప్పుకోవాలి. ఏడు నిలువుల ఎత్తున, ఒకే ఎర్రరాతిలో తొలిచిన తోరణం. దానికి అటూ ఇటూ ఏనుగు తొండమూ సింహం మెడా గల యాళులు, వాటి కనుగుడ్లలో కోడిగుడ్లంత కెంపులు. గడపకు బంగారు రేకు. తలుపుల నిండా ఇత్తడి తామరలు, తామరకొక పాము, పాముకొక పడగ, పడగకొక పచ్చ. మిట్టమధ్యాహ్నపు ఎండ పడి అవన్నీ ధగధగలాడుతుంటే కళ్ళు నిలిచేవి కావు. తోరణం నడినెత్తిన మాత్రం ఏ మెరుపూ లేని నల్లటి కిటికీ ఒకటుంది. దాన్ని చెవి ఆకారంలో చెక్కారు.

భయపడవలసింది ఆ కిటికీకే. దాని వెనక ఘోరజిహ్వుడు కూర్చుంటాడు. ద్వారం దగ్గర ఎవరు ఏం మాట్లాడినా అతడికి వినబడుతుంది. పుట్టినప్పుడు కన్నవాళ్ళు పెట్టిన అసలు పేరు అక్కడ ఎవరి నోట పలికినా సరే, మాంత్రికుడు దాన్ని పట్టుకుని పైనుంచి ఒక్కసారి పిలుస్తాడు. ఇక ఆ మనిషి కాళ్ళు ఆ మనిషివి కావు. మూడు రోజులు తిరిగేసరికి తానెవరో, తన తోడబుట్టినవాళ్ళెవరో గుర్తుండదు. బతికినన్నాళ్ళూ కోటలో చాకిరీ చేయడమే. ఆ కట్టు తెగాలంటే, తనవాళ్ళలో ఒక్కరైనా మళ్ళీ గుర్తుకు రావాలి. ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

గవరయ్య అక్క పైడమ్మ అలాగే పోయింది. తొమ్మిది నెలల కిందట ఉప్పు దించడానికొచ్చి, ఎవరే నువ్వు అంటే ఉన్న పేరు ఉన్నట్టు చెప్పేసింది. తల్లి పోయాక గవరయ్యను ఎద్దు మూపురం మీద కట్టుకుని ఉప్పుదారంతా తిప్పి పెంచిన మనిషి ఆమె. ఆమెను వెనక్కి తెచ్చుకోవడానికే ఇతడు వచ్చాడు. దొంగలమెట్టలో తన ప్రాణం కాపాడినందుకు యువరాజు తోడు వస్తానన్నాడు. తోడంటే ఎంత తోడో ఇప్పటికే చూశారు కదా.

"నా పేరు ఆలోచించి పెట్టుకున్నాను" అన్నాడు మణికేతుడు, మణికట్టు రుద్దుకుంటూ. "రత్నశేఖరవర్మ. మన గ్రామం గంధర్వమణిపురం."

"ఆ ఊరికి నీళ్ళెక్కడివి?"

"నీళ్ళేమిటి?"

"నీళ్ళు లేని సోట ఊరు లేవదు బాబూ. ఊరికి పేరెట్టేది రాజు కాదు, కాళ్ళు నొప్పెట్టినోడు. నడిసి నడిసి ఒక సోట బరువు దించుతాడు. కళ్ళ ముందర బండుంటే బండంటాడు, నీళ్ళు పారే గెడ్డుంటే గెడ్డంటాడు. గంధర్వులు ఆడి కళ్ళకెందుకు కనబడతారు?"

యువరాజు గంధర్వమణిపురాన్ని అక్కడే వదిలేశాడు. "మరి నన్నేమనమంటావు?"

"తవిటయ్య."

కాంచనవల్లి సింహాసనానికి వారసుడి ముఖం చూడాలి అప్పుడు. "తవుడా?"

"మీకు ముందు పుట్టినోళ్ళు ఇద్దరు పోనారు. మీరైనా దక్కాలని మీయమ్మ మిమ్మల్ని పక్కింటావిడికి సేటెడు తవుడికి ఇచ్చేసి, మళ్ళీ తెచ్చుకుంది. అందుకని తవిటయ్య. యముడికి కూడా ఆ పేరు మీద ఆశ పుట్టదు. నాను దాలయ్యని. పాలు కాగే దాలి పక్కన పుట్టినాను. మన ఊరు ఎండుగెడ్డ వలస."

"అటువంటి ఊరున్నదా?"

"నానెరిగి లేదు. ఉండే ఉంటాదిలే అనిపించాల, అంతే. అక్కడ మీరు మాటాడకండి. మాటాడక తప్పదంటే ఒక ముక్క, రెండు ముక్కలు. నాను ఒరే అంటాను, కోపం తెచ్చుకోకండి."

ఎద్దులను తోలుకుంటూ కోట ముందు వాగు మీది వంతెన ఎక్కారు.

గడప మీద పీట వేసుకుని పోలసాని కూర్చునుంది. డెబ్బై యేళ్ళ ముసలిది. వక్క దంచుకునే చిన్న రోలు ఒళ్ళో, వెనక ఎనిమిదిమంది బల్లెంగాళ్ళు. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ అడగడమే ఆమె ఉద్యోగం. అసలు పేరు చెప్పే అమాయకులు పైనున్నవాడికి, అబద్ధం చెప్పి దొరికినవాళ్ళు కిందనున్న మొసళ్ళకు. రెండింట్లో ఏది జరిగినా ఆమె వక్క నమలడం ఆపదు.

వీళ్ళకు ముందు ఒక అత్తరు వర్తకుడు నిలబడ్డాడు. మనిషి తెలివైనవాడే, అసలు పేరు దాచుకున్నాడు. తనది శ్రీనిలయపురమన్నాడు. దానికి నాలుగు వీధులన్నాడు, కోనేరన్నాడు, కోనేటి మెట్ల లెక్క కూడా చెప్పాడు.

"బాగుంది" అంది పోలసాని. "మీ పొరుగూరివాళ్ళు మీ ఊరిని ఏమంటారు?"

"శ్రీనిలయపురమనే అంటారు తల్లీ. ఎంతో గౌరవంగా."

పోలసాని రోకలితో రోలు అంచు మీద టక్కుమని కొట్టింది. వర్తకుడి కాళ్ళ కింది వంతెన పలక ఒక పక్కకు ఒరిగింది. అతడు అరవడానికి కూడా వ్యవధి లేకపోయింది. కింద నీళ్ళు ఒక్కసారి గోడంత ఎత్తు లేచి పడ్డాయి. పలక మళ్ళీ సమంగా వచ్చి నిలిచింది.

"పొరుగువాడు గౌరవంగా పిలిచే ఊరిని ఈ డెబ్బై ఏళ్ళలో నేను చూడలేదు" అని ఉమ్మేసి, "ఊఁ, రండి" అంది.

గవరయ్య వెళ్ళి ఆ తడి పలక మీదే నిలబడ్డాడు. పక్కన యువరాజు నిలబడ్డాడు, అలవాటు చొప్పున ఛాతీ విరుచుకుని. గవరయ్య మోచేత్తో పొడిస్తే కాస్త వంగాడు.

పేర్లు చెప్పారు. తవుడు సంగతి చెప్పారు. పోలసాని ఊళ్ళో చావులన్నీ ఎరిగినదానిలా తల ఊపింది. ఊరి పేరు అడిగింది.

"ఎండుగెడ్డ వలస."

"గెడ్డ ఎండిపోతే ఊరెందుకు లేచింది?"

"లేసినప్పుడు ఎండలేదమ్మా. మా ముత్తాతలు వలసొచ్చినప్పుడు మోకాటి లోతు పారేది. పైనున్నోళ్ళు అడ్డుకట్టేసి మళ్ళించుకుపోనారు. అప్పటికాణ్ణుంచి తగువే. మా ఊరి పిల్లని ఆ ఊరికియ్యం, ఆ ఊరోళ్ళ నిప్పు మావు తెచ్చుకోం." చెబుతుంటే గవరయ్యకు నిజంగానే ఆ పై ఊరివాళ్ళ మీద ఒళ్ళు మండింది.

"ఆ పై ఊరివాళ్ళు మిమ్మల్ని ఏమంటారు?"

గవరయ్య చూపు దించుకున్నాడు. "ఆ మాట ఇక్కడెందుకులెండి."

"చెప్పు."

"ఉప్పు కావాలంటే దించుకోండి, ఒద్దంటే ఎలిపోతాం. ఆ మాట నా నోటితో సెప్పను."

పోలసాని రోకలి ఎత్తింది. గవరయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గొంగళోళ్ళ ఊరంటారు" అన్నాడు. "ఒకేడు కంచె మీద తడిగొంగళి ఆరేస్తే, ఎలుగ్గొడ్డనుకుని ఊరంతా రెండ్రోజులు తలుపులేసుకుని కూకుంది. మా తాతల నాటి సంగతది. ఇప్పటికీ తీర్థంలో కనబడితే గొంగళి సూపిస్తారు ఎదవలు."

బల్లెంగాళ్ళు పళ్ళికిలించారు. పోలసాని నవ్వలేదు గాని రోకలి దించింది. తన ఊరి ఎగతాళి పేరు చెప్పడానికి సిగ్గుపడని మనిషి ఉండడని ఆమె లెక్క. వేలు యువరాజు మీదికి తిప్పింది. "నువ్వు చెప్పరా తవిటయ్యా. ఊళ్ళో మీకు ఎవరితో మాటల్లేవు?"

మణికేతుడు రెండు ముక్కల నియమం మరిచిపోయాడు. రాజనగరులో నేర్చుకున్నదంతా నోటికొచ్చేసింది. "మా గ్రామమున అందరూ అన్యోన్యంగా ఉంటారు. కలహమనునది ఎరుగము."

వక్క నమలడం ఆగింది. పైన నల్లకిటికీలో ఏదో కదిలినట్టయింది.

గవరయ్య చెయ్యి ఎత్తి యువరాజు మెడ మీద ఛెళ్ళున ఒక్కటిచ్చాడు. "సిగ్గులేదురా అనడానికి? పినతండ్రి గట్టు రాత్రికి రాత్రి జరిపేసి, ఊరందరి సేతా తన్నులు తిని, ఎవడూ గుమ్మమెక్కనియ్యక నా ఎంట ఎద్దులు తోల్తున్నావు. అన్యోన్యమంట. హరికథలోళ్ళ మాటలు నేర్చుకున్నాడమ్మా, తిండి కోసం ఆళ్ళ ఎనకాల ఆర్నెల్లు తిరిగినాడు." మరొకటి కొట్టాడు. అందులో పోయిన రెండు ఎద్దుల బాకీ కూడా కొంత ఉంది.

కాంచనవల్లి యువరాజు జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని తల వంచుకున్నాడు. ఆ తలవంపు అచ్చం గట్టు జరిపినవాడిదిలాగే ఉంది.

పోలసాని చాలాసేపు ఇద్దరినీ చూసింది. "నోరు మంచిదే" అంది చివరికి. "అయినా ఆఖరి మాట నాది కాదు. నీళ్ళావిడను పిలవండి. తానెవరో మరిచినా, ఉప్పుదారి వెంట ఆవిడకు తెలియని ఊరు లేదు. మా కట్టులో ఉన్న మనిషికి అబద్ధం చెప్పడం చేతకాదు."

నీళ్ళావిడ ఎవరో గవరయ్యకు చూడకుండానే తెలిసిపోయింది.

పైడమ్మ భుజాన కావడితో వచ్చింది. బుగ్గలు పీక్కుపోయాయి. తమ్ముడి ముఖం మీద ఆమె చూపు పడింది, గోడ మీద పడ్డట్టే పడి పక్కకు పోయింది. అతడు ఎద్దు తాడును అరచెయ్యి కోసుకునేంత గట్టిగా పట్టుకున్నాడు. అక్కా అని ఒక్క మాట అనాలని ప్రాణం కొట్టుకుంది. అంటే ముగ్గురూ పోతారు.

"ఎండుగెడ్డ వలస ఉందా?" అంది పోలసాని.

"లేదు" అంది పైడమ్మ.

రోకలి లేచింది.

"ఈవిడికేటి తెలుసు" అన్నాడు గవరయ్య. "రేవు కాణ్ణుంచి రెండు గెడ్డలు దాటితే సీలికకొండ వస్తాది. అక్కడ ఎడమకి తిరిగితే మా ఊరే."

"ఎడమకి ఎవరూ తిరగరు" అంది పైడమ్మ.

"మావు తిరుగుతాం."

"ఎడమకి ఊబి. బరువెద్దు దిగబడిపోద్ది. కుడికే పోవాల."

"కుడికి పోతే రాళ్ళు. గిట్టలు పగుల్తాయి."

"ముందురోజు ఆముదం రాస్తే ఎందుకు పగుల్తాయి? రాయడానికి బద్ధకమై ఊబిలోకి తోల్తారా ఎవరైనా?" ఈసారి గొంతు వేరుగా ఉంది. ఉప్పుదారి మనుషులకు అన్నం దగ్గర తగువు రాదు గాని దారి దగ్గర వస్తుంది. తప్పుదారి చెప్పినవాడిని చచ్చినా వదలరు.

పోలసాని రోకలి అలాగే పట్టుకుని అడిగింది. "ఊబి అవతల ఏముందో చూశావా నువ్వు?"

"చూడలేదు. ఎప్పుడూ అవతలికి పోలేదు."

"చూడకుండా లేదని ఎలా చెప్పావు?"

పైడమ్మ కావడి భుజం మార్చుకుంది. ముసలిది విసుక్కుంటూ రోకలి ఒళ్ళో పడేసింది. "సరే. గొంగళోళ్ళను లోపలికి పంపండి. దారి తెలియని సాక్షి నాకెందుకు, దీన్ని ఈ క్షణమే జేగురు గనిలోకి దించెయ్యండి."

ఎర్రమట్టి తవ్వే ఆ గనిలోకి దిగినవాళ్ళు పైకి రారు. ఆ సంగతి కోట బయట ఎద్దులు కాచుకునేవాళ్ళకు కూడా తెలుసు. గవరయ్య కట్టిన ఊరు నిలబడింది. నిలబడి అక్క నెత్తిన పడింది. ఇద్దరు బల్లెంగాళ్ళు ఆమె రెక్కలు పట్టుకున్నారు. ఎడమ పక్కన గని మెట్లు, అక్కడికి పన్నెండడుగులు. యువరాజు గవరయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతున్నాడు, పద, లోపలికి వెళ్ళాక చూద్దామన్నట్టు. లోపలికి వెళ్ళాక చూడటానికి ఎవరు మిగులుతారు?

గవరయ్య చెయ్యి విదిలించుకున్నాడు.

"ఆవిడ అబద్ధమాడింది" అన్నాడు. "ఎడమకి పోలేదంట. పోయింది. ఎర్రెద్దుని ఆ ఊబిలో ముంచింది ఆవిడే."

పైడమ్మ ఆగింది. "నాను ముంచలేదు."

"ముంచినావు. వానకి తొందరపడి ఎడమకి తోలినావు. తాడు నీ సేతిలో ఉంది, వదిలేసినావు. ఎద్దు అరుస్తా దిగబడిపోతంటే సూస్తా నిలబడ్డావు."

"నాను వదిలేసినానా?" ఆమె బల్లెంగాళ్ళను మోచేతులతో తోసేసి వెనక్కి తిరిగింది. కావడి జారిపడి కుండలు భళ్ళున పగిలాయి. "ఎద్దు మీద కూకుని నిద్దరోతా తల్లకిందులుగా పడ్డావు. పీకలదాకా బురదలో పోయినావు. ఒక సేతిలో తాడు, ఒక సేతిలో నీ జుట్టు. రెండూ పట్టుకోలేక తాడు వదిలినాన్రా. ఎద్దు పోతే పోయింది, నువ్వు పోతే నాకెవరున్నార్రా గవరయ్యా?"

అన్నాక ఆమె కళ్ళు అతడి ముఖం మీద నిలిచాయి. ఈసారి పక్కకు పోలేదు. చెయ్యి చాచి అతడి చెంప తడిమి, ఇంత చిక్కిపోయావేమిట్రా అంది. తొమ్మిది నెలలుగా గవరయ్య ఎదురుచూసిన మాట అదే. సంతోషంతో అతడికి ఏడుపొచ్చింది.

పైనున్న నల్లకిటికీ మాట్లాడింది.

"గవరయ్యా."

బెదిరింపు లేదు, అరుపు లేదు. బువ్వకు పిలిచినంత మెత్తగా ఉంది. గవరయ్య కాళ్ళు వాటంతటవే తిరిగి గడప దాటాయి. ఆపాలని చూశాడు. ఆగలేదు. అక్క ముఖం ఇంకొక్కసారి చూద్దామంటే మెడ తిరగలేదు. నోరు మాత్రం ఇంకా అతడిదే. "తవిటయ్యా" అన్నాడు ముందుకు చూస్తూనే. ఆ స్థితిలోనూ యువరాజు పేరు బయటపెట్టలేదు. "ఆవిణ్ణి తీసుకుని వంతెన దాటిపో."

మణికేతుడు పైడమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించి కొట్టింది. బల్లెంగాళ్ళు ఇద్దరికీ అడ్డుపడబోతే పోలసాని వద్దని సైగ చేసింది. కట్టు తెంచుకున్న మనిషిని ఆమె డెబ్బై ఏళ్ళలో చూడలేదు, ఏం చేస్తుందోనని చూస్తోంది. తరువాత నెమ్మదిగా వేలు యువరాజు వైపు తిప్పింది. "వీడి అసలు పేరు తెలిసింది. ఇక నీది చెప్పు."

పైడమ్మ అదేమీ వినలేదు. పరుగున వెళ్ళి తమ్ముడి పక్కకు చేరి, చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు అతడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వెందుకొస్తావే, పో" అన్నాడు గవరయ్య.

"నీ కాళ్ళు నీ మాట వినవు గాని, నా కాళ్ళు ఇప్పుడు నా మాట వింటాయి. నడు, ఆడెవడో సూద్దాం."

ఇద్దరూ చీకటి నడవలోకి నడిచారు. వెనక యువరాజును పోలసాని ముందే వదిలేసి ఇత్తడి తామరల తలుపులు మూసుకున్నాయి. లోపలినుంచి ఘోరజిహ్వుడు గవరయ్యను రెండోసారి పిలిచాడు.